సర్పి మానాక మిగిలే మంట

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, మఫ్రఖ్, అబుదాబి)



సుబ్బారావు గారి పేరు మీద ఉపన్యాసమంటే ఏటీపీ గురించో, ఫోలిక్ యాసిడ్ గురించో, ఆయనకు రాని నోబెల్ గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఆ బాధ్యత ఇంతకుముందు చాలామంది బాగా నెరవేర్చారు. నేను ఆయన పేరు తలచుకుని ఒక జబ్బు గురించి మాట్లాడతాను. మన ఊళ్లలో దాన్ని సర్పి అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. సర్పి నెల తిరగకుండా మానిపోతుంది. కొందరికి మాత్రం పుండు మాని, మచ్చ పడి, మచ్చ కూడా వెలిసిపోయాక నొప్పి ఉండిపోతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఆ కొందరు ఎవరు, వాళ్లను ముందే గుర్తుపట్టవచ్చా అన్నదే ఈ సాయంత్రం మన ప్రశ్న.

సుబ్బారావు గారికీ సర్పికీ ఏం సంబంధం అని మీకు అనుమానం రావాలి. సంబంధం రెండు చోట్ల ఉంది. మొదటిది కాస్త నవ్వు తెప్పించేది. లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధన ఆయన అజమాయిషీలో ఉన్న రోజుల్లో బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోంచి వచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాని నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో పెద్ద కొడుకు అది. కొత్త మందు చేతికొస్తే డాక్టర్లు ఊరుకోరు కదా, కనిపించిన ప్రతి జబ్బుకూ వాడి చూశారు. సర్పికీ వాడారు. తగ్గిందని పత్రికల్లో రాశారు కూడా. తర్వాత జాగ్రత్తగా పోల్చి చూస్తే అది సర్పికి పనిచేయదని తేలింది. సర్పి వైరస్ వల్ల వస్తుంది. ఆరియోమైసిన్ బాక్టీరియా మీద పనిచేసే మందు.

మరి తగ్గిందని ఎందుకు అనిపించింది? సర్పి దానంతటదే తగ్గుతుంది కాబట్టి. పొక్కులు వారం పది రోజుల్లో చెక్కు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానతాయి. ఈ మధ్యలో ఏం చేసినా ఆ పేరు దానికి దక్కుతుంది. ఎర్రమన్ను పూసినవాడికీ, మంత్రం వేసినవాడికీ, ఆరియోమైసిన్ ఇచ్చిన అమెరికా డాక్టరుకూ ఒకే రకంగా దక్కింది. ఇది గుర్తుంచుకోండి. ఈ జబ్బులో ఏ మందు గొప్పతనం విన్నా, అది వాడనివాళ్లకు ఏమైందో అడగాలి. ఆ ప్రశ్న అడగకపోతే ఎవరికి నొప్పి మిగులుతుందో కూడా ఎప్పటికీ తెలియదు.

రెండో సంబంధం గట్టిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో సుబ్బారావు గారు పనిచేసిన రోజుల్లోనే అక్కడ జార్జ్ హిచింగ్స్ అనే కుర్రవాడు డాక్టరేటు కోసం పనిచేశాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ చెప్పింది ఈ హిచింగ్సే. ఆ న్యూక్లియోటైడ్ల దారినే పట్టుకుని ఆయనా గెర్ట్రూడ్ ఎలియన్ కలిసి మందులు తయారుచేశారు, 1988లో నోబెల్ పంచుకున్నారు. ఎలియన్ బృందం నుంచి 1970లలో వచ్చిందే ఎసైక్లోవిర్. దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. మామూలు కణంలోకి వెళితే అది దాదాపు ఊరికే పడి ఉంటుంది. వైరస్ ఉన్న కణంలోకి వెళితే వైరస్ సొంత ఎంజైమే దానికి మొదటి ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. మిగతా రెండూ మన కణం తగిలిస్తుంది. మూడు ఫాస్ఫేట్లు చేరాక అది వైరస్ డీఎన్ఏ తయారీని ఆపేస్తుంది. కణంలో ఫాస్ఫేట్ల లెక్క ఎలా తీయాలో 1925లో ఫిస్కేతో కలిసి ప్రపంచానికి నేర్పినవాడు మన సుబ్బారావు. ఈ రోజు సర్పి వచ్చినవాడికి డాక్టరు రాసే చీటీ వెనక ఆ చేతులున్నాయి.

ఇక జబ్బు దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది అంటాం కదా, ఆ వైరసే సర్పి. అమ్మవారు దిగిపోయిందని వేపాకు నీళ్లు పోసి తలంటుతాం గానీ వైరస్ దిగిపోదు. వెన్నుపాము పక్కన ఉండే నరాల ముడుల్లో, ముఖానికి సంబంధించిన ముడిలో దాక్కుంటుంది. నలభై ఏళ్లో అరవై ఏళ్లో గడిచాక, దాన్ని అణచిపెట్టే శక్తి ఒంట్లో సన్నగిల్లినప్పుడు ఒక ముడిలోంచి లేస్తుంది. ఆ ముడి నుంచి వెళ్లే నరం వెంట చర్మం దాకా ప్రయాణిస్తుంది. అందుకే పొక్కులు ఒంటికి ఒకే పక్క, పట్టీ కట్టినట్టు వస్తాయి. తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మన పల్లెల్లో భయం. ఎడమ నరం ఎడమకే, కుడి నరం కుడికే పోతుంది కాబట్టి మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో అవి కలవవు. రెండు పక్కలా వచ్చినా, ఒళ్లంతా పాకినా రోగనిరోధక శక్తి ఎందుకు పడిపోయిందో వెతకాలి. ఆ మేరకు పాత భయంలో కాస్త పరిశీలన ఉంది, కొట్టిపారేయలేను.

సర్పికీ ఆటలమ్మకూ చుట్టరికం ఉందని మొదట పసిగట్టినవాడు బుడాపెస్ట్ పిల్లల డాక్టరు బోకాయ్. ఇంట్లో పెద్దవాళ్లకు సర్పి వస్తే, తర్వాత పిల్లలకు ఆటలమ్మ పోయడం ఆయన చూశాడు. 1892లో రాశాడు. 1900లో ఇంగ్లండ్‌లో హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు సర్పి వచ్చి తర్వాత చనిపోయిన 21 మంది శరీరాలు పరీక్షించి, దెబ్బతిన్నది చర్మం ఒక్కటే కాదు, నరం ముడి అని చూపించారు. శరీరం మీద ఏ పట్టీ ఏ నరానిదో గీసిన పటాలు ఆ పనిలోంచే వచ్చాయి.

వీళ్లందరికంటే నాకు ఎక్కువ ఇష్టమైనవాడు హోప్-సింప్సన్. సిరెన్‌సెస్టర్ అనే చిన్న ఇంగ్లీషు పట్నంలో మామూలు వీధి డాక్టరు. పెద్ద ఆస్పత్రి లేదు, పెద్ద ప్రయోగశాల లేదు. తన దగ్గరికి వచ్చే మూడున్నర వేల మంది జనాన్ని 16 ఏళ్లు గమనించి, అందులో వచ్చిన 192 సర్పి కేసులు రాసి పెట్టుకున్నాడు. ఏడాదికి వెయ్యి మందిలో సగటున 3.4 మందికి వస్తుందనీ, ఎనభై దాటినవాళ్లలో అది వెయ్యికి పదికి చేరుతుందనీ, వెయ్యి మంది 85 ఏళ్లు బతికితే సగం మందికి ఒకసారైనా వచ్చి ఉంటుందనీ లెక్కకట్టాడు. వైరస్ మనలోనే నిద్రపోతోందనీ, మన శక్తి దాన్ని కాపలా కాస్తోందనీ 1965లో ప్రతిపాదించాడు. అదీ ఇలాంటి ఒక స్మారకోపన్యాసంలోనే, ఆల్బర్ట్ వాండర్ పేరిట. నోటుపుస్తకం, ఓపిక, ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి ఉండటం అనే మూడింటితో ఆయన సాధించింది అది. మూడోది మనకు కష్టం. గల్ఫ్‌లో రెండేళ్లకో మనిషి మారతాడు, డాక్టరు మారతాడు, క్యాంపు మారుతుంది.

పొక్కులు లేచి తొంభై రోజులు దాటినా నొప్పి ఉంటే దాన్ని సర్పి తర్వాతి నరాల నొప్పి అని లెక్కవేస్తారు. సర్పి వచ్చినవాళ్లలో మొత్తం మీద నూటికి పది నుంచి పద్దెనిమిది మందికి ఇది మిగులుతుందని అమెరికా అంచనా. ఆ నొప్పి ఒక రకం కాదు. కొందరికి ఎడతెగని మంట. కొందరికి ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు పోటు. కొందరికి దురద. అన్నిటికంటే వింతయింది బట్ట తగిలితే నొప్పి. గట్టిగా అదిమితే ఓర్చుకుంటారు, బనియను అంచు రాసుకుంటే కేక పెడతారు. ఫ్యాను గాలి తగిలినా ఓర్వలేరు. ఈ ఎండల్లో ఒంటి మీద బట్ట నిలవనివ్వని, ఏసీ గాలి కూడా సోకనివ్వని నొప్పితో ఆరుగురు పడుకునే గదిలో ఉండటం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

వైరస్ లేచినప్పుడు నరం ముడి వాస్తుంది, అందులోని కణాలు కొన్ని చస్తాయి. చర్మంలో ఉండే సన్నని నరాల కొసలు రాలిపోతాయి. నొప్పి మిగిలిన వాళ్ల చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నొప్పి లేకుండా మానిన వాళ్లకంటే ఆ కొసలు బాగా తక్కువగా కనిపిస్తాయి. నరాలు తగ్గితే నొప్పి తగ్గాలి కదా అని మీరు అడుగుతారు. వచ్చే కబురు ఆగిపోయినప్పుడు వెన్నుపాములో ఆ కబురు అందుకునే కణాలు తమంతట తామే మోగడం మొదలుపెడతాయి. స్విచ్ కట్టేసినా ఆగని బావి మోటారులా. అందుకే చర్మం మీద ఎంత పూసినా కొందరికి లాభముండదు. మోటారు తిరుగుతున్న చోటు వేరు.

ఎవరికి మిగులుతుంది? ముగ్గురు మనుషుల్ని ఊహించుకోండి. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన 30 ఏళ్ల హెల్పరు. ఆ క్యాంపులోనే 57 ఏళ్ల ఫోర్‌మన్, బీడీ మానలేని మనిషి. ఊళ్లో ఆ ఫోర్‌మన్ తల్లి, 78 ఏళ్ల ముసలమ్మ. ముగ్గురికీ ఒకే రోజు సర్పి లేచిందనుకుందాం.

వయసు మొదటిది, అన్నిటికంటే బరువైనది. బ్రిటన్‌లో సర్పి వచ్చిన 1,19,413 మంది రికార్డులు తిరగేసి 2016లో ఒక అధ్యయనం అచ్చువేశారు. అందులో నూటికి 5.8 మందికి నొప్పి మిగిలింది. యాభై నుంచి డెబ్బైతొమ్మిది మధ్య వయసు పదేళ్లు పెరిగినప్పుడల్లా ఆ అవకాశం సుమారు 1.7 రెట్లవుతూ పోయింది. నలభై లోపు వాళ్లకు ఇది అరుదు. కాబట్టి హెల్పరు తమ్ముడు చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. అతని దగ్గర అడగవలసిన ప్రశ్న వేరు, ఇంత చిన్న వయసులో ఎందుకు వచ్చిందని. చాలామందికి ఏ కారణమూ దొరకదు. కొందరిలో రోగనిరోధక శక్తిని దెబ్బతీసిన జబ్బు దొరుకుతుంది. ఆ పరీక్ష పేరెత్తితే వీసా గుర్తొచ్చి పొక్కులు దాచుకునే కుర్రవాళ్లు ఉంటారని నాకు తెలుసు. దాచడం వల్ల పొక్కులూ ఆగవు, వాటి కారణమూ ఆగదు.

వయసు తర్వాత వచ్చేవి నాలుగు. పొక్కులు రాకముందే నొప్పి మొదలవడం, పొక్కులున్నప్పుడు నొప్పి తీవ్రంగా ఉండటం, పొక్కులు ఎక్కువగా రావడం, కంటి చుట్టూ రావడం. అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి 2016లోనే చేసిన మరో లెక్కలో వీటిలో ప్రతి ఒక్కటీ ప్రమాదాన్ని రెండు రెట్లకు పైగా పెంచుతున్నట్టు తేలింది. రెట్లు అనగానే గుండె జారనివ్వకండి. 30 ఏళ్లవాడిలో అతి చిన్న సంఖ్య రెట్టింపైనా చిన్నదే. 78 ఏళ్ల తల్లిలో నూటికి ఇరవయ్యో ఎంతో ఉన్నది రెట్టింపైతే ఇంటిల్లిపాదీ పట్టించుకోవలసిన సంగతి అది.

ఆ నాలుగింటిలో ఏవి రక్తపరీక్షలో దొరుకుతాయో చూడండి. ఏదీ దొరకదు. పొక్కులు ఎన్ని వచ్చాయో, కంటి చుట్టూ వచ్చాయో లేదో డాక్టరు చూసి చెప్పగలడు. నొప్పి ఎప్పుడు మొదలైందీ, ఎంత ఉందీ రోగి నోరు విప్పితేనే తెలుస్తుంది. ప్రమాదాన్ని ముందే చెప్పే గట్టి గుర్తులలో సగం రోగి మాటల్లో ఉన్నాయి. నేను ఇవాళ మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. మనవాళ్లు ఆ మాటలే మింగేస్తారు. మొగవాడై ఉండి నొప్పి అనేదేమిటని ఊళ్లో నేర్పాం. ఇక్కడికి వచ్చాక నొప్పి అంటే సిక్ లీవ్, సిక్ లీవ్ అంటే ఓవర్‌టైమ్ పోవడం అని ఫోర్‌మన్ నేర్పాడు. పైగా డాక్టరుకు అరబ్బీ, నర్సుకు మలయాళమో తగలోగో, మనవాడికి పది హిందీ ముక్కలు. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడిగితే మొహమాటపడి మూడు అంటాడు. రాత్రి నిద్రపోలేదని చెప్పడు. తొమ్మిది ఉన్నప్పుడు తొమ్మిది అనండి. పొక్కులకు ముందు ఎన్ని రోజుల నుంచి మంట ఉందో వేళ్ల మీద లెక్కపెట్టి చూపించండి. ఆ రెండు అంకెలు స్కానింగ్ కంటే విలువైనవి.

ముందు వచ్చే నొప్పి ఇంకో తిప్పలు పెడుతుంది. పొక్కులు లేవకముందు రెండు మూడు రోజులో అంతకంటే ఎక్కువో నొప్పి ఉండవచ్చు. ఎడమ రొమ్ము మీద వస్తే గుండె అనుకుంటారు. అలా అనుకుని ఈసీజీ తీయడమే మంచిది, నేను తప్పుపట్టను. కుడి డొక్కలో వస్తే పిత్తాశయంలో రాయి అనుకుంటారు. నడుములో వస్తే బరువు ఎత్తాడు కదా అని బామ్ రాసి పంపుతారు. పరీక్షలన్నీ బాగున్నాయని క్యాంపుకు వచ్చాక మూడో రోజు పొక్కులు కనిపిస్తే, మళ్లీ వెళ్లడానికి చాలామందికి మొహం చెల్లదు. వెళ్లండి. ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే ఆ గంటే వెళ్లండి. ఆ కొనకూ కంటికీ పోయే నరం ఒకటే. కన్ను పోయే ప్రమాదాన్ని చెప్పే ఆ గుర్తును పందొమ్మిదో శతాబ్దంలోనే హచిన్సన్ అనే డాక్టరు పట్టుకున్నాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

తేలినవి చెప్పాను, తేలనివీ ఉన్నాయి. షుగరు గురించి అడుగుతారు, మనలో ఇంటికొకరికి ఉంది కాబట్టి. షుగరు ఉన్నవాళ్లకు సర్పి వచ్చే అవకాశం ఎక్కువ, అది నిజం. వచ్చాక నొప్పి మిగలడానికి షుగరు కారణమా అంటే కొన్ని అధ్యయనాలు ఔనంటాయి, కొన్ని కాదంటాయి. ఆడవాళ్లకు ఎక్కువా మగవాళ్లకు ఎక్కువా అన్నది కూడా అంతే. రక్త కాన్సర్లు, లింఫోమా లాంటి రోగనిరోధక శక్తిని గట్టిగా పడగొట్టే జబ్బులు బ్రిటన్ లెక్కల్లో ప్రమాదాన్ని పెంచాయి. పొగ తాగడం, ఒళ్లు పెరగడం కూడా అక్కడే కనిపించాయి, కొద్దిపాటి బరువుతో. మన ఫోర్‌మన్‌కు బీడీ మానడానికి ఇదీ ఒక కారణమే, అంతకంటే పెద్ద కారణాలు పది ఉన్నాయి.

నాకు బాగా ఇబ్బంది కలిగించే సంగతి మందుది. సుబ్బారావు గారి వంశం మందు అని ఇందాక గొప్పగా చెప్పాను కదా. ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు అయిదుసార్లు, ఏడు రోజులు. లేదా వాలసైక్లోవిర్ గ్రాము చొప్పున మూడుసార్లు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే పొక్కులు త్వరగా మానతాయి, మొదటి వారాల నొప్పి తగ్గుతుంది, కంటికి రక్షణ. ఇంతవరకు అనుమానం లేదు. తొంభై రోజుల తర్వాతి నొప్పిని ఆపుతుందా? 2014లో అప్పటికి జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, ఎసైక్లోవిర్ ఆ నొప్పిని చెప్పుకోదగినంతగా తగ్గించలేదని తేల్చింది. బ్రిటన్ రికార్డుల్లో కూడా మందు వాడినవాళ్లలో తగ్గినట్టు కనిపించలేదు. ఆ రెండోదాన్ని జాగ్రత్తగా చదవాలి. బాధ ఎక్కువ ఉన్నవాళ్లకే డాక్టర్లు మందు రాస్తారు, బాధ ఎక్కువ ఉన్నవాళ్లకే నొప్పి మిగులుతుంది. స్టెరాయిడ్ కలిపి ఇచ్చినా మిగిలే నొప్పి తగ్గలేదు. అయినా నేను 72 గంటల మాట గట్టిగానే చెబుతాను, కన్ను కోసం, మొదటి నెల నిద్ర కోసం. తర్వాతి నొప్పి రాదని మాత్రం ఎవరికీ మాట ఇవ్వను.

ఇప్పుడు మఫ్రఖ్ గురించి. దుబాయి నుంచీ, అల్ ఐన్ నుంచీ, సౌదీ సరిహద్దు గువైఫాత్ నుంచీ వచ్చే రోడ్లు కలిసే చోటు ఇది. పాతవాళ్లకు 1983లో తెరిచిన మఫ్రఖ్ ఆస్పత్రి గుర్తుంటుంది. 2019లో దాని పని 732 పడకల షేఖ్ షఖ్‌బూత్ మెడికల్ సిటీకి మారింది. ఇన్సూరెన్స్ తప్పనిసరి అని అబుదాబి 2005లోనే చట్టం చేసింది. అంటే ఆస్పత్రి దూరమూ కాదు, బతాకా, అంటే కార్డు, చేతిలోనే ఉంది. అడ్డుపడేది గేటు దాటి అక్కడిదాకా పోవడానికి దొరకని పూట. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని ఆపాలి కదా, ఆ వేళలో క్లినిక్‌కు పోయే పద్ధతి ఒకటి ఏ క్యాంపు బాస్ అయినా పెట్టవచ్చు. ఈ సభలో అలాంటివారు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్లను ఉద్దేశించే అంటున్నాను.

క్యాంపు బాస్‌లకు ఇంకో లెక్క కూడా ఉంది. చల్లని దేశాల్లో దాదాపు అందరికీ చిన్నతనంలోనే ఆటలమ్మ పోస్తుంది. మన లాంటి వేడి దేశాల్లో చాలామందికి అది పోయకుండానే పెద్దవాళ్లవుతారు. సర్పి పొక్కుల్లోని నీరు అలాంటి వాడికి తగిలితే సర్పి రాదు, ఆటలమ్మ పోస్తుంది, పెద్ద వయసులో గట్టిగా పోస్తుంది. కాబట్టి ఫోర్‌మన్‌కు సర్పి లేస్తే పొక్కులు చెక్కు కట్టేదాకా బట్టతో కప్పి ఉంచాలి, తువాలు వేరుగా పెట్టాలి, గదిలో ఎవరికి చిన్నప్పుడు అమ్మవారు పోయలేదో అడగాలి. గది నుంచి వెలివేయనక్కర్లేదు. కోవిడ్ నాటి భయాలు ఇంకా పోలేదు, అందుకే చెబుతున్నాను.

నొప్పి మిగిలినవాళ్లకు మందులున్నాయి. అమిట్రిప్టిలిన్ పాత మందు, చవక, రాత్రి నిద్ర కూడా ఇస్తుంది, ముసలివాళ్లకు జాగ్రత్తగా ఇవ్వాలి. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ ఉన్నాయి. లిడోకెయిన్ పట్టీలు ఉన్నాయి. మిరపకాయ ఘాటు తీసి చేసిన క్యాప్సైసిన్ పట్టీ కూడా ఉంది. గుంటూరు వాళ్లు గర్వపడవచ్చు, కానీ ఇంట్లో కారం నూరి పూసుకోవద్దు. ఏదీ పూర్తిగా తీసెయ్యదు. నొప్పి సగానికి తగ్గితే డాక్టర్లు దాన్ని విజయం కింద లెక్కవేస్తారు, నాకూ అదే న్యాయమనిపిస్తుంది.

వీటిలో ప్రెగాబాలిన్ గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర చీటీ మీద మెడికల్ షాపులో దొరికే ఈ మందు ఇక్కడ నియంత్రిత మందుల జాబితాలో ఉంది. ట్రమడాల్ కూడా అంతే. సెలవు నుంచి తిరిగి వస్తూ అమ్మ మందులోంచి రెండు షీట్లు సంచిలో వేసుకున్నా, ఎవరో ఊరివాడు చేరవేయమని ఇచ్చినా, విమానాశ్రయంలో అది కేసు. మీకు నిజంగా అవసరమైతే బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోవాలి. అంతకంటే సులువు ఇక్కడి డాక్టరు దగ్గరే రాయించుకోవడం.

చివరగా టీకా. ఇందాకటి గుర్తుల్లో ఏదీ మార్చలేం, వయసును అసలే మార్చలేం. సర్పి రాకుండా చూసుకుంటే మాత్రం నొప్పి మిగిలే ప్రశ్నే ఉండదు. అమెరికాలో అరవై దాటిన 38,546 మందితో చేసి 2005లో అచ్చువేసిన ప్రయోగంలో బతికున్న, బలహీనపరచిన వైరస్ టీకా సర్పిని సగానికి, మిగిలే నొప్పిని మూడింట ఒక వంతుకు తగ్గించింది. దాని తర్వాతది షింగ్రిక్స్. ఇందులో బతికున్న వైరస్ లేదు, దాని మీది ఒక ప్రోటీను మాత్రం ఉంది. ఒంటిని రెచ్చగొట్టడానికి చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీసిన పదార్థం కలుపుతారు. యాభై దాటినవాళ్లలో ఇది నూటికి 97 పాళ్లు సర్పిని ఆపింది, డెబ్బై దాటినవాళ్లలో తొంభై దాకా. 2017లో అమెరికా అనుమతి ఇచ్చింది. భారతదేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమ్ముతున్నారు. వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, జ్వరం మామూలే. ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు రెండో డోసుకు రారు.

ఖర్చు చిన్నది కాదు. రెండు డోసులకు కలిపి ఇక్కడి మామూలు కూలీ నెల జీతం దాదాపుగా పోతుంది. అందరికీ వేయించండని చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు, లింఫోమా లాంటి జబ్బులున్నవాళ్లు, కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మింగుతున్నవాళ్లు ఉంటే వాళ్ల పేరు ముందు రాసుకోండి. డోసుకూ డోసుకూ మధ్య రెండు నుంచి ఆరు నెలలు ఉండాలి, మీ సెలవు ముప్పై రోజులు. కాబట్టి మొదటిది మీరు ఊళ్లో ఉన్నప్పుడు దగ్గరుండి వేయించి, రెండో దానికి డబ్బూ తేదీ తమ్ముడికో చెల్లెలికో అప్పజెప్పి రండి. మందు ఫ్రిజ్‌లో ఉండాలి కాబట్టి కొని ఇంట్లో పెట్టవద్దు, వేయించేరోజే ఆస్పత్రిలో తీసుకోండి. ఎవరి పెళ్లో, ఎవరి చావో అడ్డొచ్చి ఆరు నెలలు దాటిపోతే కంగారు లేదు. మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, మిగిలిన ఒక్క డోసే వేయించాలి.